పెరటి వాకిలి మాత్రలు

బేతంచెర్లలో రాఘవేంద్రప్రసాద్ మందుల షాపుకు రెండు వాకిళ్లున్నాయి. ఒకటి బజారుకు. అద్దాల బీరువాలు, గరగరమనే ఫ్యాను, కౌంటరు వెనక ఉతికిన తెల్లచొక్కాలో ప్రసాద్. రెండోది ఇంటి వెనక, సందులోకి తెరుచుకునే పెరటి వాకిలి. అటు ఆడవాళ్లే వస్తారు. మగమనిషి ముందు నోరు పెగలనివన్నీ అక్కడ అడుగుతారు. తెల్లబట్టకు మందు, పెళ్లి వేళకు ముట్టు రాకుండా ఆపే మాత్ర, నెలనెలా మెలిపెట్టే కడుపునొప్పికి మాత్ర. ప్రసాద్ భార్య పద్మప్రియ తలుపు సగం తెరిచి వింటుంది. వంటింట్లోంచి షాపులోకి పోయి, మొగుడి చెవిన వేసి, కాగితంలో చుట్టుకొచ్చి చేతిలో పెడుతుంది. ఇది కాపురానికొచ్చిన కొత్తలో సంగతి. పోనుపోను మొగుడి చెవిన వేయాల్సిన పని కూడా లేకపోయింది. ఏ నొప్పికి ఏ సొరుగో ఆమెకే తెలిసిపోయింది.

"పద్మక్క చేతివాసి మంచిది" అని నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలు కడిగే ఆడవాళ్లు చెప్పుకునేవారు. పద్మప్రియ ఆ మాట వినీ విననట్టు ఉండేది గానీ, విన్న పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తినేది. పిల్లలు పుట్టని కోడలికి ఆ ఇంట్లో గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేముంది గనక?

కడుపునొప్పి మాత్రను ఆమె తన కడుపు మీదనే నేర్చుకుంది. పెళ్లయిన మొదటి నెలలోనే, బయట చేరిన రోజు, కడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టయింది. దాంతో పాటే విరేచనాలు. దొడ్డికి కూర్చుంటే లోపల కత్తి దిగినట్టుండేది. గోడ పట్టుకుని లేచేది. మొగుడికి సగమే చెప్పింది. కడుపునొప్పి అంది, విరేచనాలంది. నొప్పి ఎక్కడ, ఎప్పుడు పుడుతుందో చెప్పలేదు. ఆ మాట ఏ ఆడది ఏ మొగుడికి చెప్తుంది?

చెప్పిన సగంతోనే ప్రసాద్ జబ్బు తేల్చేశాడు. "అమీబా" అన్నాడు. యాంటీబయాటిక్ మాత్రలు కత్తెరతో కత్తిరించి ఇచ్చాడు. మూడో రోజుకల్లా నొప్పి తగ్గింది. బయటున్న రోజులు అయిపోతే అది ఎలాగూ తగ్గేదే. కానీ పేరు మాత్రకొచ్చింది. మళ్లీ నెలకు మళ్లీ నొప్పి, మళ్లీ మాత్ర, మళ్లీ మూడో రోజుకు నయం. "పుట్టింట్లో బోరునీళ్లు తాగినావా? మళ్లా తగులుకుండాది" అనేవాడు ప్రసాద్. నెల తప్పకుండా, చెప్పిపెట్టినట్టు వచ్చే అమీబా ఎక్కడైనా ఉంటుందా అని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఇంట్లోనే మందుల షాపు ఉన్నవాళ్లకు డాక్టరు గుర్తుకు రాడు.

ఏళ్లు గడిచేకొద్దీ కడుపు ఉబ్బడం మొదలైంది. పొద్దున చదునుగా ఉండేది, సాయంత్రానికి చీర కుచ్చిళ్లు నిలవనంతగా పొంగేది. ఒక శ్రావణమాసంలో ముట్టు కొన్నాళ్లు ఆలస్యమైంది. ఉబ్బిన కోడలి కడుపు చూసి అత్త అనసూయమ్మ తనకు తానే లెక్కలు కట్టుకుంది. ఎవరినీ అడగకుండా అమ్మవారిశాల గుడికి తీసుకుపోయి పదిమందిలో కూర్చోబెట్టింది. అందరూ నుదుట కుంకుమ పెట్టారు, ఒడిలో పండ్లు, పూలు పోశారు. "ఇన్నాళ్లకు అమ్మవారు కన్ను తెరిచింది" అన్నారు. అది గాలి కడుపని పద్మప్రియకు తెలుసు. నోరు తెరవలేక తలొంచుకుని ఒడి పట్టింది. ఆ వారంలోనే బయట చేరింది. ఊరంతా ఏమీ అడగకుండా ఊరుకుంది. అడిగుంటేనే నయం అనిపించింది ఆమెకు.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బాత్రూములో పడిపోయింది. ప్రసాద్ గడియ విరగ్గొట్టి ఎత్తుకొచ్చాడు. సొరుగులో ఉన్నవన్నీ అప్పటికే మింగించి ఉన్నాడు కాబట్టి, ఇక చేసేది లేక అద్దెకారులో కర్నూలుకు తీసుకుపోయాడు. స్త్రీల డాక్టరమ్మ దగ్గర కూర్చోగానే పేషంటు తనే అయినట్టు అన్నిటికీ జవాబులు అందుకున్నాడు.

"గ్యాస్ట్రిక్ మేడం. అమీబా కూడా ఉండాది. నాకు మెడికల్ షాపు. నెలనెలా కోర్సు ఇస్తానే ఉండా."

"నెలనెలానా?" డాక్టరమ్మ కలం ఆపింది. "నెలలో ఎప్పుడు?"

ప్రసాద్ భార్య వైపు చూశాడు. ఆ ప్రశ్న అతనికి ఎన్నడూ తోచలేదు. డాక్టరమ్మ అతన్ని బయట కూర్చోమంది. తలుపు మూసుకున్నాక గొంతు తగ్గించకుండా, కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది. "ముట్టు రోజుల్లో దొడ్డికి పోయేటప్పుడు నొప్పి ఉంటుందా, అమ్మా?"

పద్మప్రియ బల్ల మీది గాజుగుండు వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరూ అడగరనుకున్న మాట. అడిగితే చచ్చిపోతాననుకున్న మాట. చావలేదు. ఏడ్చింది.

"ఎప్పటినుంచి?"

"పెండ్లి కాకముందు నుంచే మేడం. పెండ్లయినాంక ఎక్కువాయ."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది మేడం? సిగ్గు గాదా!"

స్కాను, ఆ తరువాత ఆపరేషను. గర్భసంచి లోపల పెరగాల్సిన పొర బయట పెరిగి, నెలనెలా అక్కడే రక్తం కార్చుకుంటూ, పేగును గర్భసంచికి అంటించేసిందట. ఎడమవైపు అండాశయం పాత రక్తంతో గడ్డకట్టి ఉంటే తీసేశారు. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. మందుల బీరువాల మధ్యనే బతికినా మొగుడూ పెళ్లాలు ఆ పేరు ఎన్నడూ వినలేదు.

డిశ్చార్జి రోజున డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఇన్నేళ్లూ మింగిన మాత్రల పేర్లు ప్రసాద్ ఒక్కొక్కటే చెప్పాడు. చెప్పేకొద్దీ అతని గొంతు సన్నబడింది.

"మీ ఇంట్లో పాలు తోడుపెడతారు గదా" అంది డాక్టరమ్మ. "గిన్నెకు అంటుకున్న ఆ కాస్త పెరుగు కూడా వేణ్నీళ్లు పోసి కడిగేస్తే, మరుసటి రోజు దేంతో తోడుపెడతారు? మన పేగుల్లో అట్లాంటి మంచి పురుగులు కోట్లకొద్దీ కాపురముంటాయి. లేని అమీబాను చంపాలని నెలనెలా మందు వేస్తే ముందు పోయేది అవే. ఆ ఉబ్బు కొంత దానివల్లనే ఉండొచ్చు."

"అంటే మేడం… ఈ జబ్బు గూడా నా మందుల వల్లనే వచ్చిందా?"

"అట్ల నేను చెప్పను. ఈ జబ్బున్న కోతుల పేగుల్లో మంచి పురుగులు తగ్గినాయని ఒక పరిశోధన వచ్చింది. జబ్బు వల్ల అవి తగ్గినాయో, అవి తగ్గడం వల్ల జబ్బు ముదిరిందో ఇంకా ఎవరికీ తెలీదు. రెంటికీ ఏదో సంబంధం ఉందని మాత్రం అంటున్నారు. నాకు తెలిసింది ఒకటే. మూడో రోజు నొప్పి తగ్గిందని మీరు మాత్రను నమ్ముకున్నారు. ఆ నమ్మకంలో ఇన్నేళ్లు పోయినాయి. తొందరగా వచ్చింటే ఆ అండాశయం దక్కేదేమో."

ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, మనిషి చెడ్డవాడు కాదు. భార్య ముఖం చూడలేక గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. పద్మప్రియ అతన్ని చూడనే లేదు. ఆమె కళ్ల ముందు పెరటి వాకిలి ఉంది. ఆ తలుపు సందులోంచి చాచిన చేతులున్నాయి. ఆ చేతుల్లో తను పెట్టిన పొట్లాలు. "మూడో రోజుకు తగ్గిపోతాది పో, అందరికీ ఉండేదే" అని తను నవ్వుతూ చెప్పిన మాట. అందరికంటే ఎక్కువగా ఒక ముఖం గుర్తొచ్చింది. హులిగెమ్మ కూతురు ఈరక్క. పద్దెనిమిదేళ్ల పిల్ల, పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కడుగుతుంది. పెద్దమనిషి అయినప్పటి నుంచీ నెల తప్పకుండా వస్తుంది. తనలాగే కడుపు పట్టుకుని, తనలాగే సగం చెప్పి.

ఇంటికి రాగానే అనసూయమ్మ తలుపు దగ్గరేసి మాట ఖాయం చేసింది. "ఇరవైనాలుగ్గంటల కడుపునొప్పి, ఆపరేషన్ జేసినారని చెప్పు. గర్భసంచి, అండం అనే మాట బయటికి రాకూడదు. మందుల షాపాయప్ప పెండ్లానికే తప్పు మందిచ్చినాడంటే మనకాడికి ఎవురొస్తారు? ఇంగ మనమేం మొగం పెట్టుకోని తిరిగేది?"

ప్రసాద్ సరేనని తలాడించి షాపులోకి పోయాడు. నిజం చెప్పాలంటే ఆ అబద్ధం పద్మప్రియకు కూడా హాయిగానే ఉంది. ఇరవైనాలుగ్గంటల నొప్పి, అదే అపెండిసైటిస్, ఎంత గౌరవమైన జబ్బు! దానికి మగా ఆడా లేదు, సిగ్గూ ఎగ్గూ లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు హార్లిక్స్ సీసాలు పెట్టి, "మా బావకూ అట్లే అయ్యుండె" అని చెప్పి, కాఫీ తాగి పోయారు. ఆమె దిండుకానుకుని తలూపింది.

కుట్లు మానాక ఒక పొద్దున పెరటి తలుపు చప్పుడైంది. ఈరక్క. బండల బురద ఎండి బూడిదరంగు పట్టిన పాదాలు. గడపను ఆనుకుని, సగానికి వంగి నిలబడింది.

"అక్కా, నీకు బాగలేదంట గదా. ఇప్పుడెట్లుండాది? శానా నొస్తాందక్కా నాకు. ఆ మాత్రలు రొన్నియ్యవా."

పద్మప్రియ నాలుక చివరిదాకా వచ్చింది ఆ ప్రశ్న. దొడ్డికి పోయేటప్పుడు నొస్తుందా, పిల్లా? నాలుగు మాటలు. వెనక అరుగు మీద అనసూయమ్మ వత్తులు చేస్తోంది. అత్త చేతులు పని మీద ఉన్నా చెవులు ఇటే ఉన్నాయి. ఆ ప్రశ్న అడిగితే ఈ పిల్ల "నీకెట్ల తెలుసక్కా?" అంటుంది. దానికి జవాబు చెప్పాలి. అమ్మవారిశాలలో పట్టిన ఒడి దగ్గర్నుంచి అంతా చెప్పాలి.

ఆమె లోపలికి పోయింది. సొరుగు లాగింది. అవే మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టింది. తెచ్చి ఈరక్క చేతిలో పెట్టింది. "మూడో రోజుకు తగ్గుతాది" అనే మాట మాత్రం ఈసారి నోటికి రాలేదు. ఈరక్కే అంది. "మూడునాళ్లు ఓర్చుకుంటే పోతాది లేక్కా. నీ చేతివాసి నాకెరుకే గదా."

ఆ పూట పద్మప్రియ అన్నం ముట్టలేదు. మరుసటి రోజు తిన్నది, ఆ మరుసటి రోజు తిన్నది. మనిషి ఎంత సిగ్గుపడినా ఆకలి ఆగదు. అదీ ఒక సిగ్గే అనిపించింది. ఆ నెలంతా పెరటి తలుపు చప్పుడైతే చాలు, స్నానాల గదిలో ఉన్నానని అత్తతో చెప్పించేది. డాక్టరమ్మ చెప్పినట్టు పూటపూటా పెరుగన్నం తినేది, రాసిన మందులు వేసుకునేది. కడుపు ఉబ్బు కాస్త తగ్గింది కూడా. ఒంటికి నెమ్మదించేకొద్దీ మనసుకు కుదురు లేకుండా పోయింది. తను బాగుపడుతున్న మందు ఒకటి, ఊరికి పంచిన మందు ఒకటి. ఈ సంగతి ఇంటి గడప దాటి ఎవరికీ తెలియదు.

మళ్లీ నెల తిరిగింది. ఈసారి ఈరక్క రాలేదు, తల్లి హులిగెమ్మ వచ్చింది. చేతిలో చిన్న కుండ, కుండ నిండా గట్టి బర్రెపెరుగు.

"ఆపరేషనయిన ఒళ్లు గదమ్మా, పెరుగు మంచిదంట. మా బర్రె ఈనింది. నీకని మీగడతో తీసిపెట్టినా." కుండ గడపలో దించి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిల్ల నిన్న ఫ్యాక్టరీలో పడిపాయ తల్లీ. బండకు తల తగిలి రగతమొచ్చె. కండ్లు తిరిగినాయంటాది. రెండునాళ్ల నుంచి దొడ్డికి పోమన్నా పోదు, ఏడుస్తాది. ఇంగా గట్టి మాత్రలుంటే ఇయ్యమ్మా. నువ్వే మాకు దేవుడట్ల."

దొడ్డికి పోమన్నా పోదు. పద్మప్రియ గడప మీదనే కూలబడింది. పెరుగుకుండను పక్కకు జరిపింది.

"ఆస్పత్రికి తీస్కపోలేదా?"

"పెండ్లి గావాల్సిన పిల్లను ఆడోళ్ల డాక్టరు కాడికి తీస్కపోతే ఊరు ఏమనుకుంటాదమ్మా? ఏం జేసుకుందో అంటారు. నువ్వుండగా మాకేమి?"

పద్మప్రియ లేచి లోపలికి నడిచింది. హులిగెమ్మ మాత్రల కోసమే అనుకుని నిలబడింది. పద్మప్రియ సొరుగు దగ్గర ఆగలేదు. షాపులో కౌంటరు దగ్గర మొగుడి పక్కకు పోయి నిలబడింది. అవతల ఇద్దరు లారీవాళ్లు మందు కోసం కాచుకుని ఉన్నారు.

"ఈరక్కను కర్నూలుకు తీస్కపోతాండా" అంది. "నాకున్నదే ఆ పిల్లకు ఉండాదేమో. హులిగెమ్మకు అంతా చెప్పాల."

"లోపలికి పో, పద్మా" అన్నాడు ప్రసాద్ పళ్ల మధ్య నుంచి. "అమ్మ ఏం చెప్పిందో మతికుండాదా? నువ్వు చెప్తే షాపు మూసుకోవాల్సిందే."

"ఆ సొరుగన్నా మూయండి."

లారీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రసాద్ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. పద్మప్రియ కౌంటరు పలక ఎత్తి, షాపు మెట్లు దిగి, బజారు మీదుగా చుట్టూ తిరిగి సందులోకి పోయింది. ఆపరేషను అయ్యాక ఆమె బజారులో నడవడం అదే మొదలు. పలకరించినవాళ్లకు జవాబు చెప్పలేదు. పెరటి వాకిట్లో ఇంకా నిలబడి ఉన్న హులిగెమ్మను "రా, మీ ఇంటికి పోదాం" అని వెంటబెట్టుకుంది.

ఈరక్క నులకమంచం మీద మోకాళ్లు కడుపుకు ముడుచుకుని పడుకుని ఉంది. నుదుటికి గుడ్డకట్టు. పద్మప్రియ మంచం పట్టె మీద కూర్చుని అంతా చెప్పింది. దొడ్డి సంగతి చెప్పింది, అపెండిసైటిస్ అబద్ధమని చెప్పింది, తీసేసిన అండాశయం గురించి చెప్పింది. చెప్తున్నంతసేపూ చెవులు మంటలెత్తాయి. హులిగెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది. చివరికి ఈరక్క తల తిప్పి చూసింది.

"పోయిన నెల నేనొచ్చినప్పుడు నీకు ఇదంతా ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎరికుండీ ఇచ్చినావా?"

"ఇచ్చినా. మా యత్త వింటాదని సిగ్గుపడి ఇచ్చినా."

ఈరక్క గోడవైపు తిరిగి పడుకుంది. అంతసేపూ "అమ్మా, తల్లీ" అన్న హులిగెమ్మ, ఇప్పుడు మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగలేదు. తిట్టుంటే బాగుండేది. పద్మప్రియ "రేపు పొద్దున మొదటి బస్సుకు పోదాం. నేనొస్తా" అని చెప్పి లేచింది. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు.

పొద్దున బస్టాండులో తల్లీకూతుళ్లు ఆమెకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. బస్సులో వాళ్లిద్దరూ ఒక సీటులో కూర్చున్నారు. పద్మప్రియ వెనక సీటులో కూర్చుని దారి పొడుగునా ఈరక్క జడ చూస్తూ వచ్చింది. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఆ పిల్ల ముందు కమ్మీ పట్టుకుని వంగేది. అప్పుడల్లా పద్మప్రియ తన కడుపు పట్టుకునేది.

డాక్టరమ్మ పద్మప్రియను చూసి గుర్తుపట్టింది. "మీ చుట్టమా?" అంది. పద్మప్రియ తలూపింది. డాక్టరమ్మ హులిగెమ్మను బయటికి పంపి, అదే ప్రశ్నను అంతే మామూలుగా ఈరక్కను అడిగింది. ఈరక్క నేల చూసింది.

"నాకు నొస్తాండె మేడం, మీకు చెప్పినా గదా" అంది పద్మప్రియ. "కూర్చుంటే కత్తి దిగినట్టుంటాది. గోడ పట్టుకోని లేయాల." తరువాత పిల్ల వైపు తిరిగింది. "నీకూ అట్లేనా?"

ఈరక్క కళ్లనిండా నీళ్లు నిండాయి. "అట్లేనక్కా" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. "ఇన్నాళ్లూ ఏమైనా మందులు వాడినావా?"

"మాత్రలు మింగినా మేడం."

"ఏం మాత్రలు? ఎవరిచ్చినారు?"

ఈరక్క ఒక్కసారి పద్మప్రియ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పేరున్న ఇంటి కోడలు, బజారులో తెలిసిన మనిషి, ఇంత చదువుకున్న డాక్టరు ముందు తలదించుకోకూడదనే ఆ పిల్ల తాపత్రయం. "మతికి ల్యా మేడం" అంది. "యాడో బజార్లో కొనుక్కున్నా."

పద్మప్రియకు అర్థమైంది. తను ఆ పిల్లను కాపాడని చోట, ఆ పిల్ల తనను కాపాడుతోంది. అమ్మవారిశాలలో, ఆపరేషను బల్ల మీద, నిన్న ఆ నులకమంచం దగ్గర పడిన సిగ్గంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఈ గదిలో ఎవరికీ ఏమీ తెలియదు. డాక్టరమ్మ అప్పటికే తరువాతి గీత మీదికి పోయింది.

"నేనే ఇచ్చినా మేడం" అంది పద్మప్రియ. "నాకిచ్చినవే ఇచ్చినా. మీరు అంతా చెప్పి పంపిచ్చినాంక గూడా ఒకసారి ఇచ్చినా."